ఎక్స్-రే మంచిగనే ఉందన్నరు, మళ్ళీ మెడకు సీటీ ఎందుకు?

తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇది. నర్సంపేట వైపు ఊళ్లో వాళ్ల మామ తాటిచెట్టు మీద నుంచి పడ్డాడు, నలభై అయిదేళ్ల మనిషి. తలకు దెబ్బ, స్పృహ లేదు, వెంటిలేటర్ మీద మూడో రోజు. మొదట తీసుకుపోయిన చోట తలకు సీటీ తీశారు, మెడకు మాత్రం ఒక ఎక్స్-రే తీసి మెడ నార్మల్ అన్నారు. ఇప్పుడు వరంగల్‌లో చేర్చిన చోట మెడకు సీటీ కావాలంటున్నారు, ఇంకో డాక్టర్ ఎమ్మారై మాట కూడా ఎత్తాడు. చుట్టాలేమో "ఒక్కటి మంచిగ వచ్చినంక ఇంకోటి ఎందుకు, పైసల కోసం తిప్పుతున్నరు" అంటున్నారు. మెడ కదలకుండా వేసిన కాలర్ (పట్టీ) అట్లనే ఉంది. ఏం చేయాలి అని.

ముందు జవాబు చెప్పేస్తా, ఓపిక ఉంటే మిగతాది చదవండి. సీటీ తీయించండి, ఇవాళే. అది బాగా తీసి, కింది దాకా చూసి, ఏం లేదని తేలితే చాలామందికి కాలర్ తీసేయొచ్చు. ఎమ్మారై అందరికీ అక్కర్లేదు, దానికి కారణం ఉండాలి, ఆ కారణమేంటో డాక్టర్‌ను అడగండి. ఇక ఆ ఎక్స్-రే సంగతంటారా, స్పృహ లేని మనిషి విషయంలో దాన్ని లెక్కలోకి తీసుకోకండి. మంచం పక్కన నిలబడి చూస్తున్న డాక్టర్ మాటే చివరి మాట, నేను మీరు రాసిన నాలుగు లైన్లు చూసి చెప్తున్నవాణ్ణి. కాకపోతే హన్మకొండ, కరీంనగర్‌ల మధ్య ఇరవై ఏళ్లు దాటింది ఈ మెడ ఫొటోలు చూడబట్టి.

స్పృహ ఉన్న మనిషైతే మెడకు దెబ్బ తగిలిందా లేదా అన్నది సగం అతనే చెప్తాడు. వెనకాల నడిమధ్యలో పూసల మీద వేలితో నొక్కితే నొప్పి లేదు, చేతులు కాళ్లు మామూలుగా ఆడుతున్నాయి, తిమ్మిరి లేదు, మనిషి మత్తులో లేడు, మాటలు తేటగా ఉన్నాయి, తొడ ఎముక విరగడం లాంటి పెద్ద నొప్పి ఇంకోటి లేదు. ఈ అయిదూ బాగుంటే అసలు ఏ ఫొటో తీయకుండానే మెడ బాగుందని చెప్పొచ్చు. దీన్ని నెక్సస్ అంటారు, 2000లో అమెరికాలో 34,069 మంది మీద చూశారు. అందులో మెడకు దెబ్బ ఉన్నవాళ్లు 818 మంది, ఈ పద్ధతికి దొరక్కుండా పోయినవాళ్లు 8 మందే. అంత బాగా పనిచేస్తుంది. కానీ మీ మామ ఈ అయిదింటిలో మొదటి మెట్టు మీదే ఆగిపోతాడు. నొక్కితే నొప్పి అని ఎవరు చెప్పాలి? నోట్లో ట్యూబ్, మత్తు మందులు నడుస్తున్నాయి. అంటే మెడ గురించి మాట్లాడాల్సింది ఫొటో ఒక్కటే, అందుకే ఆ ఫొటో ఎంత గట్టిదో చూసుకోవాలి.

ఎక్స్-రే గట్టిది కాదు. మెడలో పూసలు ఏడు. అన్నిటికంటే పైనున్న రెండూ, అంటే తలను మోసేవి, సరిగ్గా కనపడాలంటే నోరు తెరిపించి ఎదురుగా తీయాలి, ట్యూబ్ ఉన్నవాడికి అది అయ్యే పని కాదు. ఇక కింది చివర, ఏడో పూస, దాని కింద ఛాతీ మొదటి పూస, ఇవి భుజాల వెనక దాక్కుంటాయి. అందులోనూ గీత పని చేసేవాళ్ల భుజాలు ఎట్లుంటాయో మీకు చెప్పక్కర్లేదు కదా, రోజూ మోకు మీద బరువు వేసి ఎక్కి దిగిన ఒళ్లు. పక్క నుంచి తీసిన ఫిల్మ్‌లో అయిదో పూస దాకా చక్కగా కనపడి, ఆ తర్వాత సున్నం కొట్టినట్టు తెల్లగా అయిపోతుంది. మెడ బాగా విరిగేదీ, జారేదీ సరిగ్గా ఈ రెండు కొసల్లోనే. 2005లో పాత పరిశోధనలన్నీ కలిపి లెక్కగడితే, మెడకు నిజంగా దెబ్బ ఉన్నవాళ్లలో ఎక్స్-రే పట్టుకుంది నూటికి 52 మందిని, సీటీ 98 మందిని. ఎక్స్-రేను నమ్ముకోవడం బొమ్మా బొరుసా వేసుకున్నట్టే లెక్క. అప్పట్లో చేతులు కిందికి లాగి తీసేవాళ్లు, ఒక చేయి పైకెత్తి స్విమ్మర్స్ వ్యూ అని తీసేవాళ్లు. ఇప్పుడు సీటీ ఉన్న ఊళ్లో ఆ తిప్పలు ఎందుకు.

ఇది పుస్తకంలో చదివి చెప్తున్నది కాదు, నా చేతి మీదుగా జరిగింది. నేను ఉద్యోగంలో కొత్త, ఊరు పేరు, ఆస్పత్రి పేరు వద్దు. పత్తి లోడు ట్రాలీ బోల్తా పడి ఒకతన్ని తీసుకొచ్చారు, తలకు దెబ్బ, స్పృహ లేదు. పడుకోబెట్టి పక్క నుంచి ఒక ఎక్స్-రే తీశారు. ఫిల్మ్ లైట్‌బాక్స్ మీద పెట్టి పెన్ను మొనతో పూసలు లెక్కపెట్టాను, ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు సగం, ఆ కింద ఏం లేదు, తెల్లగా. రిపోర్టులో "కనిపించినంతవరకు నార్మల్" అని రాశాను. నా మట్టుకు నేను జాగ్రత్తగానే రాశాననుకున్నా. వార్డులో రాత్రి డ్యూటీ అతను చదివింది చివరి మాట ఒక్కటే, నార్మల్. కాలర్ తీసేశారు, అందరిలాగే పక్కకు తిప్పారు, వీపు కడిగారు, పక్క మార్చారు. అయిదో రోజు మనిషికి మెలకువ వచ్చింది, కళ్లు తెరిచి భార్యను గుర్తుపట్టాడు, అందరికీ సంబరం. గ్లాసు చేతికిస్తే జారిపోయింది. మోచేయి వంగుతోంది కానీ వేళ్లు ముడుచుకోవడం లేదు, కాళ్లలో కదలికే లేదు. అప్పుడు సీటీ తీస్తే ఆరో పూస ఏడో పూస మీద నుంచి ముందుకు జారి ఉంది. నేను చూడని ఆ తెల్లటి చోటే. వెన్నుపాము ట్రాలీ మీద నుంచి పడ్డప్పుడే నలిగిందా, తర్వాత తిప్పినప్పుడు నలిగిందా అన్నది ఇప్పటికీ ఎవరూ చెప్పలేరు. ఆ రోజు నుంచి "కనిపించినంతవరకు" అన్న మాట నేను రాయడం మానేశాను. ఏడో పూస కింద కనపడకపోతే "ఈ ఫొటో చాలదు, సీటీ తీయండి" అని పెద్దక్షరాల్లో రాస్తా, ఎవరు విసుక్కున్నా సరే.

ఇక సీటీ. దీంట్లో కూడా సీటీ తీశాం అంటే సరిపోదు. తల అడుగు భాగం నుంచి ఛాతీ మొదటి పూస దాకా రావాలి, ముక్కలు పల్చగా ఉండాలి, 3 మిల్లీమీటర్ల కంటే తక్కువ, ఆ తర్వాత కంప్యూటర్‌లో పక్క నుంచి, ఎదురు నుంచి కూడా బొమ్మలు కట్టి చూడాలి. అడ్డంగా కోసిన ముక్కల్లో మాత్రమే చూస్తే, అడ్డంగానే పోయిన చీలిక ఒకటి, ముఖ్యంగా రెండో పూస కొమ్ములో పోయేది, కళ్ల ముందు నుంచే జారిపోతుంది. స్కాన్ నడిచేది కొన్ని సెకన్లే. అసలు కష్టమంతా మనిషిని ఐసీయూ నుంచి కిందికి దింపి, మంచం మీద నుంచి టేబుల్ మీదికి మార్చడంలో ఉంటుంది, అందుకే తలకు సీటీ తీసేటప్పుడే మెడ కూడా కలిపి తీయాలి, మళ్ళీ రెండోసారి దింపకుండా. మీ మామకు మొదటి రోజు తలకు సీటీ తీసి మెడ వదిలేశారంటే నాకు బాధగానే ఉంది, చాలాచోట్ల ఇప్పటికీ ఇదే జరుగుతోంది. పడ్డవాడికి ఛాతీ, కడుపు సీటీ కూడా అయి ఉంటే ఇంకో మాట అడగండి, ఆ డేటాలోంచే నడుము, వీపు పూసల బొమ్మలు కట్టించొచ్చు, కొత్తగా ఎక్స్-రే కిరణాలేం తగలవు. ఎత్తు నుంచి కాళ్ల మీద, పిర్రల మీద పడ్డవాళ్లకు వీపు, నడుము కలిసేచోట పూస నలగడం బాగా ఎక్కువ, మెడ ఒక్కటే చూసి ఊరుకోకూడదు. ఒకచోట పూస విరిగినవాళ్లలో పదిమందికి ఒకరికైనా ఇంకోచోట కూడా విరిగి ఉంటుంది.

సరే, సీటీ మంచిగా వచ్చింది అనుకుందాం. ఇక్కడే డాక్టర్లలోనే రెండు మాటలు. సీటీ ఎముకను చూస్తుంది, పూసలను కట్టి ఉంచే లిగమెంట్లను నేరుగా చూడదు. ఎముక విరక్కుండా కట్టు మాత్రమే తెగితే? అందుకని ఎమ్మారై కూడా తీయాలని ఒక వర్గం, మనిషి మేలుకుని మెడ తిప్పి చూపించేదాకా కాలర్ ఉంచాలని ఇంకో వర్గం. నేను కూడా చాన్నాళ్లు రెండో మాటే పట్టుకున్నా. 2015లో ఈస్ట్ అనే అమెరికా ట్రామా సర్జన్ల సంఘం పాత పరిశోధనలు తిరగేసి, స్పృహ లేని పెద్దవాళ్లకు మంచి నాణ్యత గల సీటీ నార్మల్‌గా ఉంటే దాని మీదే కాలర్ తీసేయొచ్చని చెప్పింది. వాళ్లు చూసిన 1,718 మందిలో సీటీకి దొరకని చిన్నాచితకా దెబ్బలు నూటికి 9 మందికి ఉన్నాయి, కానీ అవి మెడ నిలకడను చెడగొట్టేవి కావు. నిలకడ చెడగొట్టే దెబ్బ, అంటే కదిలితే వెన్నుపాము నలిగేది, ఒక్కటీ లేదు. ఆ పరిశోధనలు అంత గొప్ప నాణ్యతవి కావని వాళ్లే ఒప్పుకున్నారు, అందుకే గట్టిగా కాకుండా షరతులతోనే చెప్పారు. ఎవరైనా ఇంకో రెండు రోజులు ఆగుదాం అంటే నేను తప్పు పట్టను. మూడు వారాలు ఉంచుదాం అంటే మాత్రం పోట్లాడతా.

ఎందుకంటే కాలర్ ఉంటే నష్టమేముంది, ఉండనీ అనుకుంటారు చుట్టాలు. నష్టం ఉంది. గడ్డం కింద, తల వెనక, చెవుల కింద, మెడ ఎముక మీద ఒరుసుకుని పుళ్లు పడతాయి, రెండు రోజులు దాటితే మొదలవుతాయి, స్పృహ లేనివాడు మంట అని చెప్పడు. మెడ నరాలు, అదే రక్తనాళాలు, ఒత్తుకుని తలలోంచి రక్తం కిందికి దిగడం తగ్గి మెదడులో ఒత్తిడి పెరుగుతుంది, తలకు దెబ్బ తగిలినవాడికి అసలు వద్దనుకునేదే అది. నోరు శుభ్రం చేయడం కష్టం, మెడ రక్తనాళంలో మందుల ట్యూబ్ వేయడం కష్టం, కక్కుకుంటే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తీయడానికి ఇంకా టైం పడుతుందంటే కనీసం 108 వాళ్లు వేసిన గట్టి ప్లాస్టిక్ కాలర్ బదులు లోపల మెత్తగా ఉండే ఫిలడెల్ఫియా రకం వేయమనండి. రోజుకు ఒకటి రెండుసార్లు, ఒకరు తల కదలకుండా పట్టుకుంటే ఇంకొకరు కాలర్ విప్పి, కింద చర్మం చూసి, తుడిచి మళ్ళీ వేయాలి. ఒక్కరే చేసే పని కాదది. మీరు విజిటింగ్ టైంలో పోయినప్పుడు "కాలర్ కింద చర్మం చూసిండ్రా అక్కా" అని సిస్టర్‌ను మంచిగా అడగండి, ఏమనుకోరు.

మరి ఎమ్మారై ఎవరికి? నా లెక్కలో, సీటీలో ఏదైనా తేడా ఉన్నవాడికి, పూసల మధ్య సందు ఒకచోట ఎక్కువగా కనపడినా, వరస కాస్త తప్పినా. సీటీ బాగున్నా చేతులు కాళ్లలో తేడా ఉన్నవాడికి. ఈ రెండో రకమే మీరు పట్టుకోవాల్సింది, ఎందుకంటే ఐసీయూలో ఇది తప్పిపోతుంటుంది. స్పృహ లేని మనిషి కూడా కొన్ని సంగతులు చెప్పకనే చెప్తాడు. గోరు గట్టిగా నొక్కితే ముఖం చిట్లిస్తాడు కానీ చేయి వెనక్కి లాక్కోడు. భుజం పైన గిల్లితే కదలిక వస్తుంది, కింద గిల్లితే రాదు. బీపీ పడిపోయింది, కానీ నాడి పరుగెత్తాల్సింది పోయి నెమ్మదిగా కొట్టుకుంటోంది, చేతులు కాళ్లు వెచ్చగా ఉన్నాయి. రక్తం పోయి బీపీ పడితే నాడి వేగంగా, చేతులు చల్లగా ఉంటాయి, ఇది దానికి ఎదురు. మగవాళ్లలో కారణం లేకుండా అంగం గట్టిపడి ఉండటం కూడా వెన్నుపాము దెబ్బకు ఒక గుర్తు, సిస్టర్లు చూస్తారు, సిగ్గుపడి చెప్పరు. చేతులు కాళ్లు నాలుగూ ఆడుతున్నాయా, రెండు వైపులా ఒకే తీరుగా ఆడుతున్నాయా అని మీ డాక్టర్‌ను అడగండి. "స్పృహ లేదు కదా" అన్నది దానికి జవాబు కాదు.

ఎమ్మారైకి అయ్యే ఖర్చు ఒక్కటే కాదు, ప్రమాదం కూడా ఉంది. వెంటిలేటర్ మనిషిని అరగంట ముప్పావుగంట ఆ సొరంగంలో చదునుగా పడుకోబెట్టాలి, మెదడులో ఒత్తిడి ఉన్నవాడికి తల ఎత్తి ఉంచాల్సింది పోయి. మామూలు వెంటిలేటర్, ఇనప ఆక్సిజన్ సిలిండర్ ఆ గదిలోకి రాకూడదు, అయస్కాంతం లాగేసుకుంటుంది, ప్రాణాలు పోతాయి. దానికి పనికొచ్చే వెంటిలేటర్ ఉన్నచోటే తీయాలి. అవసరమైతే మొదటి రెండు మూడు రోజుల్లోనే తీయాలి, ఆలస్యమైతే తెగిన లిగమెంటు దగ్గర చేరిన నీరు ఇంకిపోయి దెబ్బ సరిగ్గా కనపడదు. మీ మామ విషయంలో ఆ గడువు ఇవాళ రేపట్లో అయిపోతుంది, కాబట్టి తేల్చుకోమనండి, తీస్తే ఇప్పుడే, లేకపోతే ఎందుకు అక్కర్లేదో కేస్‌షీట్‌లో రాయమనండి. ఇంకో పాత పరీక్ష ఉంది, స్పృహ లేనివాడి మెడను టీవీ ఎక్స్-రే కింద ముందుకూ వెనక్కూ వంచి చూడటం. ఎవరైనా ఆ మాట ఎత్తితే వద్దనండి, దాని రోజులు పోయాయి.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. మెడ పైపూసలు విరిగినా, పూస పక్క రంధ్రంలోంచి పోయే రక్తనాళం దగ్గర చీలిక ఉన్నా, ఆ నాళానికి దెబ్బ తగిలి రెండు మూడు రోజులకు పక్షవాతం రావొచ్చు. అప్పుడు రంగు మందు ఎక్కించి సీటీ యాంజియో తీయాలి. సీటీలో ఎముక ఎక్కడా విరగలేదని తేలితే దీని జోలికి పోవడం తక్కువే.

అరవై దాటిన పెద్దమనిషి అయితే నా కొలత మారుతుంది. మంచం మీద నుంచి జారిపడ్డా రెండో పూస కొమ్ము విరుగుతుంది, తల మీద చిన్న బొప్పి తప్ప బయటికి ఏం కనపడదు. నడుము మెడ ఎప్పటి నుంచో కర్రలా బిగుసుకుపోయిన జబ్బు ఉన్నవాళ్లకు చిన్న దెబ్బకే వెన్ను వెదురులా పుటుక్కున విరుగుతుంది. అలాంటివాళ్లకు సీటీ బాగున్నా నేను ఎమ్మారై అడుగుతా, బలవంతంగా మెడ నిటారు చేసి కాలర్ బిగించొద్దంటా, వాళ్లకు ఉన్న వంపులోనే దిండు పెట్టి ఉంచాలి. పిల్లల్లో దీనికి తిరకాసు, ఎముక విరక్కుండానే వెన్నుపాము దెబ్బతినొచ్చు, 1982 నుంచి దీనికి ఒక పేరు కూడా ఉంది, స్కైవోరా అంటారు. పిల్లలకు థైరాయిడ్ మీద కిరణాల లెక్క కూడా చూసుకోవాలి, కళ్లు మూసుకుని సీటీ రాయకూడదు. మీ మామ ఈ రెండిట్లో లేడు, అందుకే ఇక్కడితో ఆపుతా.

పక్కదారి పట్టినా ఒక మాట. చెట్టు మీద నుంచి పడ్డవాడి చుట్టూ మనవాళ్లు చేసే మొదటి పని లేపి కూర్చోబెట్టడం, రెండోది నోట్లో నీళ్లు పోయడం, మూడోది ఇద్దరు చంకల్లో చేతులు వేసి ఆటోలో పడేయడం, తల వేలాడుతూ ఉంటుంది. 108 వచ్చేదాకా తలను రెండు చేతులతో అటూ ఇటూ పట్టుకుని నేల మీదే ఉంచండి, ఊపిరి ఆడకపోతే మాత్రమే కదపండి, అప్పుడు కూడా తల, మెడ, నడుము ఒకే దుంగలా, నలుగురు కలిసి. గీత కార్మికులకు 2024లో ప్రభుత్వం చెట్టు మీద నుంచి పడకుండా కాటమయ్య రక్షణ కవచం కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది కదా, మా దగ్గరికి వచ్చినవాళ్లను అడిగితే కొందరు "ఎక్కుడు దిగుడు లేటైతది సార్" అని ఇంట్లో దూలానికి తగిలించామన్నారు. వాళ్ల కష్టం వాళ్లది, రోజుకు ఎన్ని చెట్లు ఎక్కాలో నాకేం తెలుసు.

పైసల మాట. చుట్టాల కోపం నాకు అర్థమవుతుంది, అవసరం లేని స్కాన్లు రాసేవాళ్లు లేరని నేను చెప్పను. కానీ ఇక్కడ అవసరం లేనిది ఏదంటే ఆ మొదటి ఎక్స్-రే. సీటీ ముందే తీసి ఉంటే దాని డబ్బులూ మిగిలేవి, మూడు రోజుల కాలరూ మిగిలేది.

సీటీకి దింపేటప్పుడు కాలర్ విప్పకుండా తీసుకుపోతున్నారా చూడండి. అయ్యాక ఫిల్మ్ ఒక్కటే కాదు, సీడీ కూడా అడిగి తీసుకోండి, వేరే చోటికి మార్చాల్సి వస్తే మళ్ళీ తీయాల్సిన పని ఉండదు. రిపోర్టులో మూడు సంగతులు వెతకండి: ఛాతీ మొదటి పూస దాకా చూశామని ఉందా, పూసల వరస గురించి ఏం రాశారు, కింద సంతకం రేడియాలజిస్టుదేనా. పేరు, ఐపీ నంబర్ మీద వేలు పెట్టి ఆఖరి పేరా ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, రాత్రి తొమ్మిది తర్వాత చూస్తా.